పనస పొట్టు పద్దు

ఫాల్గుణం సగమైంది.
బడి వరండాలో తల్లిదండ్రుల కమిటీ కూర్చుంది.
పదో తరగతి పిల్లలు పద్నాలుగు మంది,
పరీక్ష సెంటరు పదకొండు కిలోమీటర్లు,
పొద్దుటి బస్సు పోయిన వానాకాలం నుంచి రావడం లేదు.
రెండు ఆటోలు, ఆరు రోజులు, ఆరు వేలు.
ఏడో తరగతి దాకా చదివానని
లెక్కల పుస్తకం నా ఒళ్లో పడేశారు.

జీడి పిక్కలు అమ్ముదామంటే
తోటలింకా పూత మీదున్నాయి.
గాలి వీస్తే ఊరంతా తియ్యటి ఘాటు,
వాసనకి రూపాయి రాదు.
జీడి పూతలో ఉంది, పరీక్ష పండిపోయింది.

నీలాచలం మేకపోతుని చీటీ పెడదామన్నాడు.
"ఎవలి మేకపోతు?" అంటే మాటాడలేదు.
ఖగేశ్వర్రావు ఉగాదికి నాటకం అన్నాడు,
రాజు వేషం తనదేనని అందరికీ తెలుసు,
ఉగాది నాటికి సగం పరీక్షలు అయిపోతాయనీ తెలుసు.
హెడ్మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ
కలెక్టరుగారికి అర్జీ అన్నారు.
చంటిదాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ
మోహిని అంది:
"పనస పిందెలేసింది కదేటి. పొట్టు కొడదాం.
పలాస టేసన్లో పట్నమోలు ఎగబడి కొంతారు."

పిందె కొయ్యడం మా ఉద్దానంలో చిన్న మాట కాదు.
ఇప్పుడు కోసిన ప్రతి పిందే
వైశాఖంలో ఇంట్లో లేని పండు.
గున్నమ్మత్త చెట్టు కింద నిలబడి
ఒక్కోదాన్నీ వేలితో తట్టి
"ఇది ఉంచండి, ఇది పట్టికెల్లండి" అంది,
ఏ బిడ్డని బడికి, ఏ బిడ్డని పనికి అని
తేల్చుకుంటున్నట్టు.
ఆవిడకి బడిలో మనవలెవరూ లేరు.
ఎందుకిస్తున్నావని నేనడగలేదు.

తెల్లవారుజామున మూడుకి మొదలు.
అరచేతులకి కొబ్బరినూనె, కత్తులకి కొబ్బరినూనె,
అయినా జిగురు వదలదు.
తొమ్మిదిమంది తల్లులం, ముగ్గురు తండ్రులు, ఒకటే బల్బు.
టకటకటకటక
ఆ చప్పుడుకి లేచిన పిల్లలు
మా పక్కనే చతికిలబడి త్రికోణమితి వల్లించారు.
సైన్ తీటాకి ఒక పిందె, కాస్ తీటాకి ఒక పిందె.
జీడి ఫ్యాక్టరీలో వేళ్లు కాల్చుకున్న ఢిల్లేశ్వరి
మా అందరికన్నా సన్నగా కొట్టింది.
రేషన్ మిషనుకి ఆవిడ వేలిముద్ర ఆనదు గాని
పొట్టు చూస్తే ఆవిడ చెయ్యి ఇట్టే తెలుస్తుంది.

మొదటిరోజు పదహారు పొట్లాలు మిగిలాయి.
రెండోరోజు ప్రతి అడ్డాకు పొట్లంలోనూ
రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఆవపిండి
కాగితంలో చుట్టి పెట్టింది మోహిని.
భువనేశ్వర్ బండి ఆగిన రెండు నిమిషాల్లో గంప ఖాళీ.
ఒకాయన కిటికీలోంచి యాభై ఇచ్చాడు,
బండి కదిలింది,
పొట్లం నా చేతిలోనే ఉండిపోయింది.
ఆ యాభై ఏ పద్దులో రాయాలో ఇప్పటికీ తెలీదు.

మొత్తం ఐదువేల ఐదువందల తొంభై.
నాలుగువందల పది తక్కువ.
ఆటో దండాసి చెవి మీది బీడీ తీసి
"పిక్క రాల్నాక ఇద్దురుగాన్లే, ఎక్కండ్రా" అన్నాడు.
చందా అని రాయబోతే నా పెన్ను పట్టుకున్నాడు:
"అప్పనే రాయి. నాకు రావాల."

మొదటి పరీక్ష తెలుగు.
మా ఇంద్రాణి మధ్యాహ్నం ఆటో దిగుతూనే
వసంత ఋతువు మీద వ్యాసం వచ్చిందంది.
కోయిల రాసిందట, మావిచిగురు రాసిందట,
పేజీన్నర నింపిందట.
"మరి పొట్టు రాయలేదేటే?"
"దానికి మార్కులుండవమ్మా."

రాత్రి పుస్తకం తీస్తే
పనస జిగురుకి రెండు పేజీలు అతుక్కుపోయాయి.
లాగితే చిరుగుతాయి, అలాగే ఉంచేశాను.
లోపలేముందో నాకు గుర్తే:
పదహారు పొట్లాల నష్టం, ఒక యాభై.
దండాసి పేరు మాత్రం పై పేజీలో ఉంది.
పిక్క ఇంకా రాలడం మొదలవలేదు.