ఏడో నంబరు రాయి

మా హైస్కూల్ల రాళ్లకొక డబ్బ ఉండేది,
రేకుది, తాళం లేనిది.
పన్నెండు అరలు, పదకొండు రాళ్లు.
ఏడో అర ఖాళీ.
ఎవరో తలుపు కొట్టుకోకుంట అడ్డం పెట్టి
మర్సిపోయిండ్రట.

ఫర్జానా టీచర్ దాన్ని బల్ల మీద తెరిచి
ఇది గ్రానైటు, ఇది అభ్రకం, ఇది పలుగురాయి అన్నది.
మేం రాసుకున్నం.
కిటికీ అవుతల గుట్ట
మా నోట్సులతోని తనకేం సంబంధం లేనట్టు
ఎండల ఒరిగి ఉన్నది.

రెండువందల యాభై కోట్ల ఏండ్లు.
సున్నాలు పెట్టుకుంట పెట్టుకుంట
సుద్దముక్క గోరంతయింది.
"మా తాతసొంటోళ్లు ఎంతమంది బతకాలె టీచర్, అంత కాలానికి?"
జంగయ్య అడిగితే అందరం నవ్వినం.
ఆమె నవ్వలే. బోర్డు మూలకు భాగహారం చేసింది.
ఒకరు పోంగనే ఒకరు పుట్టుకుంట
మూడున్నర కోట్ల మంది తాతలు.
జంగయ్య కూసున్నడు.

శనివారం ఒక్కపూట బడి.
దేవరకొండ రోడ్డు దాటి
సీతాఫలం పొదల నడుమ నుంచి గుట్టెక్కినం.
జొన్నరొట్టె మూటలు, ఒక సుత్తె,
స్కేలు బద్ద, పాత పేపర్లు.
గులాబి బండను నిలువున చీరుకుంట
మనిషి బారెడు నల్ల చార.
బండ పగిలినప్పుడు కింది నుంచి కాగుకుంట వచ్చి
ఆ పగులుల్నే గడ్డకట్టిందట.
జంగయ్య దాని మీద చెయ్యి పెట్టి చూసిండు,
ఇంకా వేడి ఉన్నదేమో అని.

టీచర్ సుత్తె ఎత్తింది.
నాలుగు దెబ్బలు. ఒక నిప్పురవ్వ.
పెచ్చు ఊడలే.

అప్పుడు ముంగటికొచ్చింది ఓర్సు సైదమ్మ,
ఆఖరి బెంచీ,
హాజరుకు తప్ప నోరు తెరువనిది.
సుత్తె అందుకున్నది గని కొట్టలే.
వంగి, చెవి ఆనించి
తట్టుకుంట పోయింది,
అంగట్ల పుచ్చకాయ ఏరుకునేటోళ్ల లెక్క.
"ఇది పలుకుతది.
ఇది మూగది, లోపట పగిలి ఉన్నది.
నరం గిట్ల వారింది."
ఒక్క దెబ్బ.
అరచెయ్యంత పెచ్చు
పుట్టినకాంచి ఎండ ఎరుగని మొఖం
మాకు చూపిచ్చింది.

"మల్లొకసారి చెప్పు," అన్నది టీచర్
పెన్ను మూత నోట్ల పట్టుకొని.
"మూగది అంటే?"
సైదమ్మ చెప్పింది.
టీచర్ రాసుకున్నది.
మేం రాసుకోలే. అది బుక్కుల లేదు గద.

దిగేటప్పుడు బోరింగు కాడ దోసిలి పట్టిన.
టీచర్ నా మణికట్టు పట్టుకున్నది.
రాయిల ఫ్లోరిన్ ఉంటదట,
నీళ్లు దాన్ని చిటికెడు చిటికెడు
అడుక్కొని తెస్తయట.
ఏమనలే నేను.
మా పెదనాయిన యాదికొచ్చిండు.
నలభై ఏండ్లకే మోకాళ్లు వంకర పోయి
పక్కకు చూడాలంటే ఒళ్లంత తిరిగేటోడు.
గుట్ట ఆయనలకు దిగి
మల్ల గుట్ట అయింది.
పరీక్షల ఆ ప్రశ్న రాలే.
అగ్నిశిలలు, అవక్షేప శిలలు, తేడాలు రాయుమన్నరు.
ఐదు మార్కులు.

దసరా సెలవులు అయినంక సైదమ్మ బడికి రాలే.
గుట్టకు అవుతల దిక్కు కంకర మిల్లు నడువబట్టె.
మధ్యాహ్నం తెలుగు పాఠంల
పద్యానికీ పద్యానికీ నడుమ
బెంచీలు అదిరేటియి.

మొన్న ఓటెయ్య పోయిన, అదే బడికి.
అదే గది. బీరువ మీద అదే రేకు డబ్బ.
ఏడో అరల అరచెయ్యంత పెచ్చు,
దాని కింద టీచర్ చేతిరాత:
పలికే రాయి. తెచ్చినది: ఓర్సు సైదమ్మ, తొమ్మిది బి.
సిరా చాయరంగుకొచ్చింది.

గోటితోని తట్టి
చెవి దగ్గర పెట్టుకున్న.
క్యూల వెనకాయన
నడువు నడువుమని తొయ్యబట్టె.