ఏడు కిలోమీటర్ల అవతల

రిటైరైన రెండు నెలలకు చేతికొచ్చింది పాసు.
ఇద్దరి పేర్లు అచ్చువడ్డయి దాని మీద.
ఆయనది సరిగనే,
నాది మాత్రం కొంరవ్వకు బదులు కుమారమ్మ.
"పోనియ్, ఢిల్లీల నిన్నెవలు గుర్తువడుతరు" అన్నడు.

ముప్పయ్యారేండ్లు
కాజీపేట దాటినంక హసన్‌పర్తి దిక్కు
ఏడు కిలోమీటర్ల పట్టా ఆయనది.
తెల్లారకముందే సుత్తె భుజానేసుకొని
వదులైన చావీలు కొట్టుకుంట పోవుడు,
కొట్టుకుంట వచ్చుడు.
ఢిల్లీ బండి వస్తే కంకర దిగి పక్కకు నిలవడుడు.
నాకు ఢిల్లీ అంటే గంతే,
పొద్దుగాల ఒక కూత.
ఆ కూతకు ఎసరు వెడుదును.

ఇప్పుడు గదే బండిల కిటికీ కాడ నేను.
కాళ్ల కింద సర్వప్పల డబ్బ, ఒళ్లె నీళ్ల సీస.
బండి కదిలిందో లేదో మొదలువెట్టిండు:
"గీడనే వానకాలం కట్ట కుంగింది.
గా తుమ్మ కాడ నర్సింగం కాలు ఇరిగింది.
ఇగో, ఈ మలుపుల సప్పుడు మారుతది, ఇను."
నిజంగనే మారింది.
ఏడో రాయి ఎనుకకు పోయింది.
ఆయన నోరు మూతవడ్డది.

అవతలి పట్టా ఎవలదో.
చావీలు ఎవలు కొట్టిన్రో, గట్టిగ కొట్టిన్రో లేదో.
జమ్మికుంట పాయె, పెద్దపల్లి పాయె,
గోదారిల నేను రూపాయి బిళ్ల ఇసిరిన.
ఆయన మాత్రం బోగీ గోడకు చెవి ఆనిచ్చి
పరాయి ఇంట్ల పండుకున్న పిలగాని లెక్క
రాత్రంత కన్ను మూయలే.

ఢిల్లీ చూసినమా అంటే చూసినం.
ఎర్రకోటకు పోతే ఆ రోజు సోమవారం, బందు.
బయట కూసోని సర్వప్ప తిన్నం.
"మన కిలాల గోడలు లేని దర్వాజలు,
ఈడ దర్వాజ తెరవని గోడలు" అన్న.
ఢిల్లీల ఆయన నవ్వింది గదొక్కసారే.
ఆటోవాడు ఒకటే సర్కిల్ మూడుమాట్ల తిప్పిండు,
తెల్వనట్టే పైసలిచ్చినం.
భూమి కింది బండి ఎక్కుదాం రమ్మంటే
ప్లాట్‌ఫారం అంచుకు పోయి వంగి చూసిండు.
"కంకరే లేదు, కొంరీ" అన్నడు.
సీటీ ఊదుకుంట సిపాయి ఉరికొచ్చిండు.
ఇండియా గేటు కాడ ఎవల్దో పెండ్లి ఫొటో ఎనుక
మేమిద్దరం వడ్డం.
ఏ ఇంటి గోడకో ఏలాడుతున్నం కావచ్చు,
కుమారమ్మ, ఆమె పెనిమిటి.

అడిగినోళ్లందరికి ఇదంత చెప్తున్న సోమిడిల.
చెప్పనిది ఒకటుంది.

ఢిల్లీ ఇంక గంట దూరం ఉన్నదనంగ
మంచుల ఒక మనిషి, పట్టా పక్కన.
భుజాన సుత్తె, చెవులకు మఫ్లర్,
చేతిల చుట్టవెట్టిన జెండ.
మా ఆయన తలుపు కాడికి ఉరికి చెయ్యెత్తిండు,
చుట్టం కనవడ్డట్టు.
ఆ మనిషి తల ఎత్తలే.
నా పానం ఉసూరుమన్నది.
"నిన్ను చూడనే చూడకపాయె" అన్న.
"చూస్తె తప్పు" అన్నడు.
"బండి వోతాంటె మేం చక్రాలు చూడాలె,
మొఖాలు గాదు."

ముప్పయ్యారేండ్లల
ఎందరు చెయ్యెత్తిన్రో ఈయనకు.

ఇప్పుడు క్వార్టర్ లేదు, కిరాయి అర్ర.
పొద్దుగాల కూత ఇనవడంగనే
ఎసట్ల బియ్యం వోసి డాబా ఎక్కిన.
కిటికీల నిండ మొఖాలు.
ఒక పోరి చెయ్యి ఊపింది,
నేను రెండు చేతులెత్తి ఊపిన.
ఆయన పక్కనే నిలవడి
ఇంక చక్రాలే చూస్తున్నడు.
"ఏడో బోగీ సప్పుడు బాగలేదు" అన్నడు.
ఎవలకు చెప్పాలె?
ఆఖరి డబ్బ మీది పసుపు గుర్తు
కంటికి ఆనకుండ పోయేదాక నిలవడ్డం.

కింద అన్నం మాడింది.