వేలికొస

రొకిష్కిస్‌లో మంగళవారం రాత్రి
వ్యాయామశాల తాళంచెవి నా దగ్గరుంటుంది.
ఎనిమిదింటికి తలుపు తీస్తే
ముందు మంచు లోపలికొస్తుంది, వెనక రిమ్‌గౌదస్,
ఆ వెనకే అతని మోకాళ్ళ చప్పుడు.

ఏడుగురం. అందరి వయసూ కలిపితే నాలుగొందలు.
పదిమంది లేరు గనక సగం కోర్టే ఆడతాం.
ఆ సగానికీ ఊపిరి చాలదు గనక
మిగతా సగం మాటలతో ఆడతాం.

విదాస్ ఒకప్పుడు బుట్ట కింద నిలబడితే
గోడకు తలుపు పెట్టడం మరిచిపోయినట్టుండేది.
ఇప్పుడు రేడియేటరుకు వీపు ఆనించి అంటాడు:
"ఈ పొడుగు నాది కాదురా, మా అమ్మ ఇచ్చింది.
నేను సొంతంగా నేర్చుకుంది ఒక్కటే,
పడ్డవాడికి చెయ్యందించడం."
పడింది తన మోచేతి దెబ్బకేనని మాత్రం చెప్పడు.
అది మేం చెబుతాం.

ఐముతిస్ ఫైనల్లో రెండు ఫ్రీ త్రోలు పోగొట్టాడు.
ముప్పై ఏళ్ళయినా ఊళ్ళో మంగలి
ఆ కథ చెప్పకుండా అతని జుట్టు కత్తిరించడు.
"ఓటమి మనిషిని తీర్చిదిద్దుతుందంటారు.
ఏం తీర్చిదిద్దలేదు.
మర్నాడు తెల్లారి ఐదింటికి నా పాల వ్యాను మొరాయించింది.
ముందురోజు నన్ను బూతులు తిట్టినవాళ్ళే
దిగి నెట్టారు.
నేను నేర్చుకున్నదేదైనా ఉంటే
ఆ నెట్టుడులోనే."

నా వంతు వచ్చేసరికి
ఎప్పుడూ బంతికి గాలి సరిపోలేదంటాను.
పంపు వెతకడానికి లేస్తాను.

ఇరవయ్యారేళ్ళ కిందట, బిర్జయ్ జట్టుతో.
పందొమ్మిది సెకన్లు. వాళ్ళకు ఒక పాయింటు ఎక్కువ.
గీత దాటిపోతున్న బంతి
నా చూపుడువేలి గోటిని వెంట్రుకవాసి తాకింది.
గాలి తగిలినట్టు. అంతే.
రిఫరీ చెయ్యి మా వైపు చూపించింది.
మేం వేశాం. గెలిచాం.
ఊరు మమ్మల్ని నెత్తిన పెట్టుకుంది.
వాళ్ళ పదకొండో నంబరు కుర్రాడు
రిఫరీని చూడలేదు, గడియారాన్ని చూడలేదు,
నా వేలిని చూశాడు.

కప్పు పురపాలక భవనంలో అద్దాల బీరువాలో ఉంది.
దాని మీద నా పేరులో ఒక అక్షరం తప్పు చెక్కారు.
సరిచేయమని నేనెప్పుడూ అడగలేదు.

మొన్న గురువారం
నేను నేర్పే అమ్మాయిల ఆట.
చివరి నిమిషం, ఒక పాయింటు తేడా.
బంతి మనదేనని ఈల మోగాక
దైనోరా చెయ్యెత్తింది:
"కాదు సార్, నాకే తగిలింది."
పన్నెండేళ్ళు. షూ లేసు ఊడి ఉంది.
ఓడాం. జట్టులో ఎవరూ దాంతో మాట్లాడలేదు.
నీళ్ళ కోసం నా దగ్గరికొచ్చి అడిగింది:
"నేను చేసింది తప్పా?"
సీసా మూత తిప్పుతున్న నా వేళ్ళలో
ఒకటి ఆగిపోయింది.
కాదమ్మా అనడానికి
నాకేం హక్కుందో వెతుక్కునేలోగా
అది తాగేసి వెళ్ళిపోయింది,
వెళ్తూ వెళ్తూ లేసు కట్టుకుంది.

అందుకే ఈ రాత్రి పంపు వెతకలేదు.
చెప్పేశాను, మొత్తం, గోరు దగ్గర్నుంచి.

పైపుల్లో వేడినీళ్ళు గుడగుడమన్నాయి.
విదాస్ పాదాల వైపు చూసుకున్నాడు.
రిమ్‌గౌదస్ మోకాలి పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి,
"తెలుసు," అన్నాడు.
"ఆ రోజు బెంచీ మీద నేనున్నది నీకు మూడడుగుల్లోనే.
నువ్వొక్కడివే నోరు మూసుకున్నావనుకున్నావా?"

ఇంకెవరూ ఏమీ అనలేదు.
క్షమించినట్టూ లేదు, నిందించినట్టూ లేదు.
ఏడుగురు ముసలివాళ్ళ చెమట
చల్లారుతున్న వాసన.

కాసేపటికి ఐముతిస్ బంతిని
కాలితో గీత మీదికి దొర్లించాడు.
"సరే, ఆటన్నా ఆడదాం. బంతి ఎవరిది?"

"బిర్జయ్ వాళ్ళది," అన్నాను.