కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ

వ్యాసర్పాడిలో నీళ్లు నడుం దాకా వచ్చిన రాత్రి
సిలిండర్ని మంచం ఎక్కించాం,
మిక్సీని ఎక్కించాం, మా అత్తని ఎక్కించాం.
బీరువా అడుగున పసుప్పచ్చ గుడ్డసంచిలో
నా పదో తరగతి పడుకునుందని
ఒక్కరికీ తట్టలేదు.

మూడోనాడు మిద్దె మీద ఆరబెడితే
కాగితం కాగితంలానే ఉంది,
అక్షరాలే లేచెళ్లిపోయాయి.
లెక్కల్లో అరవై ఏడు నాకు.
బకింగ్‌హాం కాలవలో ఇప్పుడా మార్కుల్ని
ఏ జిలేబి చేప మోస్తోందో.

పద్దెనిమిదేళ్లుగా నేను ఊడుస్తున్న బడి
అడుగుతోంది, నువ్వు బడికెళ్లావా అని.
ఆయా పని పర్మనెంటు కావాలంటే
నకలైనా తెమ్మంటోంది.

ముందు స్టేషను.
"ఎవరి మీదన్నా అనుమానమా?"
వాన మీద, అన్నాను.
రైటరు రాసుకోలేదు.
నెల రోజులు వెతికారట,
ఎక్కడ వెతికారో నేనడగలేదు.
'కాణోం' అని ముద్రేసి ఇచ్చారు.
గరిటె కనబడకపోయినా మా అమ్మ
అంతే అనేది, 'కానమే' అని.
పోయిందనే కాగితం మాత్రం దొరికింది.
దాన్ని కవర్లో చుట్టి అటకెక్కించాను,
నీళ్లకి అందనంత ఎత్తులో.

పేపర్లో వేయించాలన్నారు. మాటకింత.
'వరదలో తడిసి' కొట్టేయించాను,
రెండు మాటల డబ్బు బస్సుకొచ్చింది.

కొరుక్కుపేటలో మా తెలుగు బడి లేదిప్పుడు.
మొదట తెలుగు పోయింది, తర్వాత పిల్లలు పోయారు.
ముందు పిల్లలే పోయారంటారు వాళ్లు.
రిజిస్టర్లు తండయార్‌పేట చేరాయి,
కోడిగుడ్ల అట్టల వెనక, పగిలిన గ్లోబు కింద.

క్లర్కు తామరైసెల్వి దుమ్ము దులిపి తెరిచింది.
కాసేపు చూసి, పుస్తకాన్ని నావైపు తిప్పింది.
"ఈ సుడులు నాకు రావమ్మా. నువ్వే చదువు."

దొంగ చేతికే తాళాలిచ్చినట్టు.

వేలు పెట్టి చదివాను.
దొరసానమ్మ, మస్తానమ్మ, గురవయ్య,
చెవి వినబడని రవణయ్య,
వాడి కింద నేను, పెంచలమ్మ.
కొత్త ఫారంలో 'పెంజలమ్మాళ్' అని పడింది.
సరేనన్నాను, అరవంలో నేనంతే.

గుర్తులు: కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ.
"చూపించు."
కొంగు తీశాను.
అరచేతంత కాలిన మచ్చ, తెల్లగా, నున్నగా.
వంటామె రాని రోజున బళ్లో
సాంబారు దించబోతే ఒలికింది.
దాని కింద ఎక్కడో పుట్టుమచ్చ ఉండాలి,
దానికి కూడా స్టేషనుకెళ్లాలా?
తామరైసెల్వి వేలితో తడిమింది.
ఏమీ అనకుండా 'ఉంది' అని రాసింది.

చివరి గడిలో మా అయివారి ఎర్ర సిరా:
తెలివి గలది. బడికి సరిగా రాదు.

"ఇదేంటి?"
తెలివి గలది, అన్నాను.
"అంతేనా? చాలా పొడుగుందే."
తెలుగులో అంత పొడుగవుతుంది మేడం.

ఆ రాని రోజులన్నీ నేను
తమ్ముడి ఉయ్యాల దగ్గర ఉన్నాను,
కిరసనాయిలు క్యూలో ఉన్నాను,
జ్వరం వచ్చిన అమ్మకి బదులు
మింట్ వీధిలో చీపురు పట్టుకునున్నాను.
అక్కడ ఎవరూ హాజరు వేయలేదు.

నకలుకి నాలుగు వారాలు పడుతుందంది.
లేచే ముందు ఆ పేజీ మళ్లీ చూశాను.
మస్తానమ్మ పేరుకి ఎదురుగా
నకలు ఇచ్చినట్టు ముద్ర లేదు.
దాని కాగితం తడవలేదో,
దాన్నెవరూ అడగలేదో.