గుడి ఎగిరిపోయిన అక్షరం

నెల్లిమర్లలో మిల్లు బి షిఫ్టు వదిలితే
సైరన్ కన్నా ముందు దగ్గు వినబడుతోంది, మూడు వారాలుగా.
నార దుమ్మనుకున్నారు మొదట.
దుమ్ముకి జ్వరం ఉండదు కదా.

నా పని చిన్నది.
ముక్కులోకి పుల్ల పోనిచ్చి, అయిదు లెక్కపెట్టి తిప్పి,
గులాబీ నీళ్ల సీసాలో విరిచి వేయడం,
సీసా మీద పేరు రాయడం.
ఐస్ పెట్టె విశాఖ బస్సెక్కుతుంది
డ్రైవరు పక్కన, టికెట్ లేని ప్రయాణికుడిలా.

లెంక అసిరినాయుడు, స్పిన్నింగు, యాభై ఎనిమిది.
పుల్ల తియ్యగానే కళ్లు తుడుచుకుని అడిగాడు:
"నిరుడొచ్చింది కదమ్మా నాకు, మళ్లీ అదేనేటి?"
అదే.
అది కాదు.
ఎలా చెప్పను?

నిన్న కాయితం వచ్చింది.
పదమూడు వేల చిల్లర అక్షరాలు, ఎనిమిది ముక్కలు,
నకలు మీద నకలు,
సరిచూసే గుమాస్తా లేని కచేరీ.
తప్పులన్నీ బతకవు.
చాలావాటికి రాసినచోటే నూకలు చెల్లిపోతాయి
ఎవరి గొంతులోనో, ఎవరికీ తెలీకుండా.
మొదటివారం సీసాకీ ఈ వారం సీసాకీ
తేడా మూడంటే మూడు అక్షరాలు.
రెండు ఉత్త అచ్చుతప్పులు.
మూడోది పైతొడుగు మీద పడింది,
సరిగ్గా ఒంటి కాపలావాడు ఆనవాలు పట్టే చోట.
నిరుటి ఫొటో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు వాడు, పాపం.
మీసం తీసేసి వచ్చిన మనిషిని
పోవయ్యా లోపలికి, అన్నాడు.

ఇదంతా చెబుదామని అసిరినాయుడికి కబురు పెట్టాను.
విన్నాడో లేదో,
సంచీలోంచి తనూ ఒక కాయితం తీశాడు.
పీఎఫ్ ఆఫీసుది. మడతల దగ్గర చిరిగింది.
ఆధార్‌లో అసిరినాయుడు.
మిల్లు రిజిస్టరులో అసరినాయుడు.
ఏ గుమాస్తా తిరగరాస్తూ ఆవులించాడో
సి మీద గుడి ఎగిరిపోయింది,
ముప్పై రెండేళ్ల చెమట
ఏడాదిన్నరగా గేటు బయటే ఉంది.
"ముందర నాను నానేనని రుజువు సెయ్యాలటమ్మా."

నా దగ్గర దానికి పుల్ల లేదు.

పక్కన మనవరాలు దగ్గింది, తొమ్మిదేళ్లది.
అయిదు లెక్కపెట్టాను. ఏడవలేదు.
సీసా మీద లెంక హిమజ అని రాసి
హి మీద గుడి రెండుసార్లు దిద్దాను,
బస్సు కుదుపుకి సిరా చెదరకుండా
పైన టేపు అంటించాను.
మూతకింద గులాబీ నీళ్లలో
అది ఏం తప్పు రాసుకుంటోందో.