పదకొండు నెలల చెరువు

బ్రోకరు నవాజ్ ముందు కిటికీ తెరిచాడు,
తర్వాతే లైటు వేశాడు.
"చూడండి మేడమ్, లేక్ వ్యూ."
వర్తూరు చెరువు ఆ పూట
తెల్లగా పొంగి కట్ట మీదికి ఎక్కుతోంది
స్టవ్ మీద మర్చిపోయిన పాలలా.
కట్టేయడానికి ఎవరూ పరిగెత్తడం లేదు.

చూపుకి నెలకు వెయ్యి ఎక్కువ.
అడ్వాన్సు పది నెలలది.
ఖాళీ చేసేటప్పుడు సున్నానికని ఒక నెల పట్టుకుంటారు.
మాంసం వండుకోవచ్చు, గోడకి మేకు కొట్టకూడదు.
ఎవరైనా వస్తే పేరు చెప్పి పైకి తీసుకెళ్లాలి.
అన్నిటికీ తలూపాను.

ఇంటావిడ మునిరత్నమ్మ
నా ఊరి పేరు రెండుసార్లు అడిగింది.
మార్కాపురం అంటే
"అది యాడుండాది?" అంది.
"మీదీ తెలుగేనా!" అన్నాను సంబరంగా.
"మాది ఈడే" అంది.
ఎన్ని తరాలుగానో ఈ కట్ట కింద కాపురమున్న తెలుగు,
కన్నడతో ఒకే కంచంలో తిన్న తెలుగు.
నేను చదివిన ఏ వాచకంలోనూ
దానికి ఒక గది దొరకలేదు.

నాకు ల్యాబులో రాత్రి డ్యూటీ.
ఎవరెవరి రక్తాలో మిషన్లో తిప్పి
పొద్దున వచ్చి పడుకుంటే
తీగ మీద ఆరేసిన నైటీల మీద నురగ వచ్చి వాలుతుంది.
మళ్ళీ తడిపి, మళ్ళీ పిండాలి.
ఆ నీళ్లు ట్యాంకరువి. ట్యాంకరు ఏ బోరుదో.
కాలి పట్టీలు మూడో నెలకి నల్లబడ్డాయి.
ఐదో నెలకి కాలింగ్ బెల్ పలకడం మానేసింది.
"ఈడ గాలి అట్లాంటిది" అన్నాడు ఎలక్ట్రీషియను
రాగి తీగని వేళ్లతో పొడి చేసి చూపిస్తూ.
వాసనకి మాత్రం ఏడో నెల పట్టింది.
అది పోలేదు, నేనే అటు చేరాను.

ఒక ఆదివారం అద్దె ఇవ్వడానికి కిందికి దిగితే
మునిరత్నమ్మ రాగులు చెరుగుతోంది.
నోట్లు లెక్కపెట్టకుండా మోకాలి కింద పెట్టుకుంది.
"మా మామ నీరుగంటి," అంది, నేనేమీ అడక్కుండానే.
"రాత్రిళ్లు తూము ఎత్తే పని.
ఎవరి మడికి ఎంతో ఆయప్ప చెయ్యే చెప్పేది.
కోతలప్పుడు మడికి ఇన్ని సేర్లని తెచ్చి పోసేటోళ్లు.
ఆ గింజలే తిని పెరిగినాము."
చాట ఒకసారి విదిలించింది.
"ఇప్పుడు నువ్వు ఇస్తాండావు.
నీళ్లకి కాదు. చూసేదానికి."
నవ్వింది. నేను నవ్వాలో లేదో తెలియలేదు.
పొట్టు ఎగిరి నా పాదం మీద పడింది.

ఆ తూము ఎక్కడుందని అడిగాను.
చాటతోనే చూపించింది:
పక్క అపార్ట్‌మెంటు వాళ్లు
కార్లు పెట్టుకునే చోటు.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది.
రెండో రాత్రి
కింది వాటా గడప దాటి వచ్చాయి నీళ్లు,
తలుపు కొట్టకుండా,
తెలిసిన ఇంట్లోకి వచ్చినట్టు.
రాగుల సంచి, మామ ఫోటో, గ్యాసు బుడ్డి, ఒక కోడి,
వాటి వెనక మునిరత్నమ్మ
నా గదిలోకి చేరారు.
పరుపు ఆమెకిచ్చాను. పడుకోలేదు.
కరెంటు లేని కిటికీ దగ్గర కూర్చుని
నేను నెలనెలా డబ్బు కట్టి చూసేదాన్ని
ఊరికే చూసింది.

"మరవ పారతాండాది," అంది ఒకసారి.
నాకేమీ వినబడలేదు.
ఆమె కుడి చెయ్యి చీకట్లో లేచింది,
ఏదో పలకని పైకి గుంజుతున్నట్టు
మెల్లగా, బరువుగా.
కోడి ఒక్కసారి గొణిగి ఊరుకుంది.

పొద్దుటికి నీళ్లు తీశాయి.
కింది గోడకి మోకాలెత్తున గీత.
"సున్నం నేనే ఏపిస్తాలే," అంది నాతో,
అది నా గోడ అయినట్టు.

పదకొండు నెలలూ నిండాయి.
కొత్త కాగితంలో అద్దె ఐదు శాతం పెరిగింది.
వ్యూ సంగతి ఎక్కడా రాయలేదు.
ఆమె వేలిముద్ర, నా అక్షరాలు,
కింద సాక్షికి వదిలిన ఖాళీ.
నవాజ్ జేబులన్నీ పెన్ను కోసం తడుముకుంటుంటే
కిటికీలోంచి ఒక నురగ ముద్ద తేలి వచ్చి
ఆ ఖాళీలో కూర్చుంది.
చీర చెంగుతో తుడిచింది మునిరత్నమ్మ.
తడి అప్పటికే
కింది పేజీకి దిగింది.