ఆరు నిమిషాల బడి

చుట్టుగుంట సెంటర్ దాటాక మా బీఈడీ కాలేజీ,
మూడో అంతస్తు మీద రేకుల షెడ్డు.
మార్చి గాలికి యార్డులోని మిర్చి ఘాటు
కిటికీ ఎక్కి వస్తుంది.
పాఠమూ తుమ్మూ ఒకేసారి మొదలవుతాయి.

ఇక్కడ పిల్లలు లేరు.
పిల్లల్లా కూర్చున్న పెద్దాళ్లం పదిమందిమి.
మీసాల ఇర్మియా ఆరో తరగతి, బి సెక్షన్.
అతని కూతురు నిజంగానే ఆరో తరగతి.
చంటిబిడ్డని వాళ్లమ్మకి అప్పజెప్పి వచ్చిన గౌసియా
పాలకి తడిసిన చున్నీ సర్దుకుంటూ
"మేడమ్, వీడు నన్ను గిల్లాడు" అంటుంది.

వెనక బల్ల మీద సీతాపతి సారు,
చేతిలో స్టాప్‌వాచి, ఒళ్లో మార్కుల కాగితం.
గొంతుకి అయిదు, నల్లబల్లకి అయిదు, టైముకి అయిదు.
ధైర్యానికి గడి లేదు.

మొదటిసారి నా ఆరు నిమిషాలూ
రెండున్నరకే అయిపోయాయి.
"అర్థమైందా?" అన్నాను గోడతో.
గోడకి అర్థమైంది.
రెండోసారి గోడని వదిలేసి
ఫ్యానుకి చెప్పాను.

మూడోసారి భిన్నాలు.
ఇర్మియా చెయ్యెత్తాడు.
ఆ రోజు అతను మొద్దు పిల్లాడు,
చీటీలో అలా వచ్చింది.
"కింద అంకె పెరిగితే ముక్క తగ్గుద్దెందుకు మేడమ్?"
భలే నటిస్తున్నాడని అందరూ నవ్వారు.
నేను అతని కళ్లలోకి చూశాను.
అది చీటీలోది కాదు.
ఎప్పుడో, ఏ బడిలోనో అడగబోయి,
గోడకుర్చీ వేసి,
పాతికేళ్లుగా గొంతులోనే ఉంచుకున్నది.

రాసుకొచ్చిన పాఠం మడిచేశాను.
సుద్దముక్క విరిచాను, ఇద్దరికి.
మళ్లీ విరిచాను, నలుగురికి.
ఎనిమిదో మనిషి దగ్గరికొచ్చేసరికి
నా వేళ్ల నిండా పొడే.
"ఇప్పుడు చెప్పు, పంచుకునేవాళ్లు పెరిగితే?"
ఇర్మియా బియ్యపుగింజంత ముక్కని
అరచేతిలో దొర్లించి దొర్లించి చూశాడు.
"ఓహో" అన్నాడు.
మేడమ్ అనడం మర్చిపోయాడు.

సీతాపతి సారు గంట కొట్టలేదు.
తొమ్మిది నిమిషాలంట. తర్వాత మందలించాడులే.
టైము: అయిదుకి సున్నా.

సాయంత్రం ఆటోస్టాండు దగ్గర
ఇర్మియా చొక్కాజేబు తెల్లగా ఉంది.
"మా పిల్లకి చూపిద్దామని" అన్నాడు,
అడక్కుండానే.

సోమవారం నుంచి పాతగుంటూరు మునిసిపల్ బడి.
నలభై ఏడుమంది, ఒక్కరూ నటించరు.
కాళ్లు వణకవని కాదు.
వణికినప్పుడు ఎటు చూడాలో తెలిసింది:
చెయ్యి సగం ఎత్తి
తల గోక్కుంటున్నట్టు దించేసుకునే
వాడి వైపు.